ఏనుగు దగ్గర ఎవరు ఎక్కడ నిలబడ్డారు

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక విశ్రాంత సోషల్ టీచర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో స్కూలు పిల్లలున్నారు. వెనకాల పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళు పుస్తకాలు మూసి వచ్చి కూర్చున్నారు. మీకు టైమ్ ఎంత విలువైనదో నాకు తెలుసు. అందుకే సోది లేకుండా నేరుగా కథలోకి వెళ్తాను.

గుడ్డివాళ్ళు, ఏనుగు కథ మీ అందరికీ వచ్చు. ఎక్కడి దాకా వచ్చో చెప్పండి. (పిల్లలు చెబుతున్నారు.) తొండం పట్టుకున్నవాడు పాము అన్నాడు. కాలు పట్టుకున్నవాడు స్తంభం అన్నాడు. చెవి? చేట. తోక? తాడు. బాగుంది. తర్వాత ఒక తెలివైనవాడు వచ్చి, మీరందరూ చెప్పింది నిజమేనని సర్ది చెప్పి పోయాడు. అంతేనా? మేము చదువుకున్నప్పుడూ అంతే. నేను ముప్పై ఏళ్ళు క్లాసులో అట్లాగే చెప్పాను కూడా. రిటైరయ్యాక పాత కథను నిదానంగా చదివితే, నేను పిల్లలకు సగం కథే చెప్పానని అర్థమైంది. ఈ రోజు మిగతా సగం చెబుతాను.

ఈ కథ జైనుల్లో ఉంది, సూఫీల్లో ఉంది, మన పండితులు అంధగజన్యాయం అని దానికి పేరే పెట్టారు. పాత రూపాల్లో ఒకటి బౌద్ధుల పాలీ గ్రంథం ఉదానంలో ఉంది. బుద్ధుడు శ్రావస్తిలో ఉన్నప్పుడు ఊళ్ళో రకరకాల మతాలవాళ్ళు 'ఇదే ధర్మం, అది ధర్మం కాదు' అని ఒకరినొకరు మాటలతో పొడుచుకుంటుంటారు. భిక్షువులు వచ్చి ఆ సంగతి చెబుతారు. అప్పుడు బుద్ధుడు ఈ కథ ఎత్తుకుంటాడు.

పూర్వం ఇదే శ్రావస్తిలో ఒక రాజు. ఊళ్ళో పుట్టుగుడ్డివాళ్ళందరినీ ఒకచోట చేర్చి ఏనుగును చూపించమని ఒక మనిషికి పని చెప్పాడు. ఆ మనిషి కొందరికి తల చూపించాడు, కొందరికి చెవి, కొందరికి దంతం, కొందరికి తొండం. ఇట్లా తోక కుచ్చు దాకా తలా ఒక భాగం. తర్వాత రాజు వచ్చి 'ఏనుగు ఎట్లా ఉంది?' అని అడిగాడు. తల ముట్టుకున్నవాళ్ళు కుండలా ఉందన్నారు. చెవి ముట్టుకున్నవాళ్ళు చేట అన్నారు. దంతం నాగటి కర్రు. తొండం నాగలికి ముందుండే పొడుగాటి కోల. ఒళ్ళు గాదె, మన దగ్గర గుమ్మి అంటాం. కాలు స్తంభం. తొడ భాగం రోలు. తోక రోకలి. తోక కుచ్చు చీపురు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కుండ, చేట, కర్రు, గుమ్మి, రోలు, రోకలి, చీపురు. ఏం సామాన్లు ఇవి? ఒక రైతు ఇంట్లో పొద్దున లేస్తే చేతికి తగిలే వస్తువులు. చూపు లేని మనిషికి తన ఇల్లు చేతివేళ్ళతోనే తెలుసు. కొత్తది ఏది తగిలినా ఇంట్లో ఉన్నదానితోనే పోల్చుకుంటాడు. మనమూ అంతే కదా. అప్పుడే పుట్టిన బిడ్డను చూడటానికి వెళ్తే ముందు వచ్చే మాట 'అచ్చం మేనమామ పోలిక' అనే. తెలిసినదాంట్లోంచే తెలియనిదాన్ని చూస్తాం. అందులో తప్పేమీ లేదు. వేరే దారి కూడా లేదు.

మరి తప్పెక్కడ జరిగింది? పాలీ కథలో ఒక చిన్న వాక్యం ఉంది. నేను ఎన్నో ఏళ్ళు గమనించలేదు. ఆ మనిషి ఒక్కొక్కరి చేతికి ఒక్కో భాగం అందిస్తూ ప్రతిసారీ ఒకటే మాట అంటాడు: 'ఏనుగు ఇట్లా ఉంటుంది.' తల అందించినప్పుడూ అదే మాట, తోక అందించినప్పుడూ అదే మాట. ఇది తోక, ఇంకా చాలా ఉంది అని ఎవ్వరికీ చెప్పలేదు. ఆ గుడ్డివాళ్ళు తమంతట తాము ఏనుగు దగ్గరికి నడిచిపోలేదు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరికి ఏ ముక్క అందాలో మరొకడు నిర్ణయించాడు. పైగా, చేతిలో పెట్టిన ముక్కే మొత్తం ఏనుగని నమ్మబలికాడు.

తర్వాత ఏమైంది? 'ఏనుగు ఇట్లా ఉంటుంది, అట్లా ఉండదు' అని వాళ్ళు పిడిగుద్దులు గుద్దుకున్నారు. రాజు అది చూసి సంతోషించాడు. కథలో ఆ మాటే ఉంది, సంతోషించాడని. తెలివైనవాడు వచ్చి సర్ది చెప్పే ముక్క ఇందులో లేదు.

నాకు ఈ కథలో అందరికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఆ ముక్కలు అందించిన మనిషే. ఎందుకంటే అతను ఇప్పుడు మన జేబుల్లో ఉన్నాడు. ఫోన్ తెరవగానే, నిన్న ఏది చూశామో దాన్ని పట్టి ఇవాళ ఏది చూపించాలో నిర్ణయమైపోయి ఉంటుంది. నీకు తోక, మీ అన్నకు చెవి. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకొని చెరో ఫోన్ చూస్తారు. పొద్దున లేచి చాయ్ దగ్గర గొడవ. నువ్వు అబద్ధమంటే నువ్వు అబద్ధమని. ఇద్దరిలో ఎవ్వరూ అబద్ధం చెప్పడం లేదు నాయనా. చేతికి అందింది చెబుతున్నారు.

ఇప్పుడు నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టిన సంగతి. ఈ కథలో అజ్ఞానానికి గుర్తుగా చూపు లేనివాళ్ళను పెట్టారు. అది సరైనదేనా?

కొన్నేళ్ళ క్రితం, చూపు లేని పిల్లలు పన్నెండు మందిని వేయిస్తంభాల గుడికి తీసుకొచ్చారు. చరిత్ర చెప్పడానికి నన్ను రమ్మన్నారు. నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించాడు, త్రికూటాలయం, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు, అందరికీ కలిపి నడుమ ఒక మండపం. పిల్లలు మర్యాదగా విన్నారు. తర్వాత నల్లరాతి నంది దగ్గరికి వెళ్ళాం. అక్కడ నేను మాట్లాడటం మానేశాను, వాళ్ళు మొదలుపెట్టారు.

ఒక పాప చేయి మెడలోని గంటల దండ మీద పడింది. ఒక పిల్లగాడి చేయి మూపురం మీద. ఇంకొకడు వెనక వైపు నిలబడి ఉన్నాడు. పాప అరిచింది: "నాకు గంటలు దొరికినయ్, నీకేం దొరికింది?" వెనకనుంచి జవాబు: "నాకు నున్నగ ఉన్నది, ఏందో తెలుస్తలేదు. నువ్ ఇటు రా, నేను అటొస్త." అంతే. రాయి మీదనుంచి చేయి తీయకుండా ఒకరి వెనక ఒకరు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఎదురైనప్పుడు ఒకరి చేతిని ఇంకొకరు పట్టుకొని, 'ఇగో, ఇది కొమ్ము దగ్గర', 'ఇది మడిచిన కాలు' అని చూపించుకున్నారు. ఒకరి వేళ్ళను ఇంకొకరు సరైన చోట పెట్టడం నేను దగ్గరగా నిలబడి చూశాను. పావుగంటలో పన్నెండు మందికీ నంది మొత్తం తెలిసిపోయింది.

ఆ పాప ఒక దండలో గంటలు వేళ్ళతో లెక్కపెట్టింది. "సార్, అటు పక్క కూడా ఇన్నే ఉన్నయా?" అని నన్ను అడిగింది. ముప్పై ఏళ్ళుగా ఆ నంది ముందునుంచి వస్తూ పోతూ ఉన్న నేను నోరు తెరవలేకపోయాను. ఎన్నడూ లెక్కపెట్టలేదు. నాకు కళ్ళున్నాయి కాబట్టి చూసేశాననే అనుకున్నాను.

ఆ రోజునుంచి ఈ కథ చెప్పేటప్పుడు 'గుడ్డివాళ్ళు' అనే మాట దగ్గర నా గొంతు ఆగుతుంది. కథలోని మనుషులు గొడవపడటానికి కారణం చూపు లేకపోవడమైతే, ఈ పిల్లలూ గొడవపడాలి కదా. వీళ్ళు జరిగారు. అడిగారు. చోటు మార్చుకున్నారు. శ్రావస్తిలో ఒక్కరు కూడా 'నన్ను నీ చోట నిలబెట్టు' అని పక్కవాణ్ణి అడగలేదు. ఫార్సీ కవి రూమీ ఈ కథను కొంచెం మార్చి చెప్పాడు. ఆయన కథలో ఏనుగు చీకటి ఇంట్లో ఉంటుంది, వచ్చినవాళ్ళందరికీ కళ్ళుంటాయి. అరచేయి ఎంతో అంతే తెలుస్తుంది. తలా ఒక దీపం ఉంటే తేడాలే ఉండేవి కావంటాడు. ఆ మార్పు నాకు చాలా నచ్చింది.

సరే, మన గడ్డ మీదికి వద్దాం. ఇక్కడికి దగ్గర్లోనే పద్మాక్షి గుట్ట ఉంది. బతుకమ్మ నాడు ఆ గుండం దగ్గర నిలబడటానికి చోటుండదు. మీలో చాలామందికి ఆ గుట్ట అంటే పద్మాక్షమ్మ, పూలు, పాటలు. అదే గుట్ట మీద జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. 1117 నాటి శాసనం అక్కడ కడలాలయ బసదిని, అంటే జైన గుడిని, కట్టించిన సంగతి చెబుతుంది. కాకతీయ రాజు రెండో ప్రోలరాజు కాలం అది. అమ్మవారి గుట్ట అన్నవాడూ, జైనుల గుట్ట అన్నవాడూ ఒకే రాయిని ముట్టుకొని మాట్లాడుతున్నారు. ఇంకొంచెం పైకి, కరీంనగర్ వైపు గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు దాదాపు 945లో అక్కడ బండ మీద శాసనం చెక్కించాడు. ఒకే బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు. మన తెలుగు కంద పద్యాల్లో తొలి పద్యాలుగా పండితులు చెప్పేవి అక్కడే ఉన్నాయి. పిల్లలూ, ఒకసారి తప్పకుండా వెళ్ళి చూడండి. ఎండ ఎక్కకముందే వెళ్ళండి, బండ కాలుతుంది.

జైనుల సంగతి ఎందుకు ఎత్తానంటే, ఈ ఏనుగు కథను అందరికంటే పట్టుదలగా ఆలోచించింది వాళ్ళే. అనేకాంతవాదం అన్నారు. వస్తువుకు ఎన్నో ముఖాలుంటాయి, ఏ ఒక్క మాటా అన్ని ముఖాలనూ పట్టుకోలేదని దాని భావం. అందుకే ఏది చెప్పినా ముందు 'స్యాత్' అని చేర్చుకోమన్నారు. దీన్ని చాలామంది 'ఏమో, కావచ్చు' అని అర్థం చేసుకుంటారు. అది సరికాదు. 'ఈ కోణంనుంచి చూస్తే' అని దాని అర్థం. గోడకు ఇటువైపు నిలబడి చెబుతున్నానని ముందే చెప్పడం. అనుమానంతో నసగడం వేరు, నేను ఎక్కడ నిలబడి చెబుతున్నానో స్పష్టంగా చెప్పడం వేరు.

ఇక్కడే ఇంకొక సంగతి. ఈ కథ విన్న చాలామంది ఇంటికెళ్ళి 'అయితే ఎవరి నిజం వాళ్ళది, అందరూ కరెక్టే' అంటారు. నేను ఒప్పుకోను. ఏనుగు చేటలా ఉందన్న మనిషి కనీసం చెవిని తడిమాడు. అసలు ఏనుగు దగ్గరికే పోకుండా, ఏనుగుకు రెక్కలున్నాయని ఫార్వర్డ్ చేసినవాడిది ఏ కోణం? అది ఏ కోణమూ కాదు, అబద్ధం. చెవి పట్టుకున్నవాడి మాట కూడా చెవి వరకే చెల్లుతుంది. ఏనుగంతా చేటే అన్నాడంటే అతను తప్పు చెప్పినట్టే. బుద్ధుడు కథ చివర చెప్పిన గాథలో ఇట్లాంటివాళ్ళకు ఒక మాట వాడాడు, ఏకాంగదర్శులని. ఒక్క అవయవాన్ని చూసి దానికే అతుక్కుపోయినవాళ్ళు. మన పల్లెల్లో ఇంకా సూటిగా అంటారు: తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అది మెచ్చుకునే మాట కాదు కదా. కుందేటికి నాలుగు కాళ్ళే. ఏనుగు ఏనుగే. మనం ఎన్ని రకాలుగా చెప్పుకున్నా అది అక్కడ నిలబడే ఉంది. చుట్టూ తిరిగితే తెలుస్తుంది.

రామప్పకు వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గుడి అడుగు భాగంలో చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది, గమనించారా? ముందునుంచి చూస్తే కొన్నే కనబడతాయి. గుడి చుట్టూ తిరిగితే తప్ప వరుస పూర్తి కాదు. ఇంకోసారి వెళ్తే ఫొటోలు ఆపి ఆ వరుస వెంట నడవండి.

ఇక చివరగా మా ఇంటి కథ ఒకటి. చెప్పాలా వద్దా అని పొద్దున్నుంచి ఆలోచిస్తూ వచ్చాను. చెబుతాను.

మాది పరకాల దిక్కు ఒక పల్లె. మా తాత పోయాక బాపు, చిన్నబాపు భూమి పంచుకున్నారు. పెద్దమనుషుల ముందు చీట్లు వేశారు. బాపు చీటీలో చెరువు కింది ఆయకట్టు పొలం వచ్చింది. చిన్నబాపు చీటీలో చెరువుకు పైన, శిఖాన్ని, అంటే చెరువు నీళ్ళు నిలిచే జాగాను, ఆనుకొని ఉన్న పొలం. అప్పుడు ఇద్దరూ సంతోషంగానే వేలిముద్రలు వేశారు.

చెరువు సంగతి తెలియని పట్నం పిల్లల కోసం చెబుతాను. చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు మత్తడి మీదనుంచి దుంకుతాయి. మత్తడి మీద ఇసుక బస్తాలు పేరిస్తే ఇంకో మూరెడు నీళ్ళు ఆగుతాయి. కట్ట కింద ఉన్న రైతుకు ఆ మూరెడే యాసంగి పంట. కానీ ఆ మూరెడు నీళ్ళు ఎక్కడికి పోతాయి? వెనక్కి తంతాయి. పైనున్న పొలాలు మునుగుతాయి.

ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. బాపు, ఇంకో నలుగురైదుగురు కలిసి మత్తడి మీద మూడు వరుసల బస్తాలు పేర్చారు. తెల్లారి చూస్తే బస్తాలు లేవు. రాత్రికి రాత్రే చిన్నబాపు లాగేశాడు. పంచాయితీ అయింది. బాపు అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "వాడు నా పిల్లల నోటికాడి బువ్వ గుంజిండు." చిన్నబాపు సరిగ్గా అదే మాట అన్నాడు, పొల్లు పోకుండా. రెండు ఇళ్ళ నడుమ మాటలు బంద్. మూడు దసరాలు పోయాయి, చిన్నబాపు మా గడప తొక్కలేదు, మేము వాళ్ళ గడప తొక్కలేదు.

మా ఊళ్ళో తూము ఎత్తి దించి మళ్ళకు నీళ్ళు పంచే నీరటికాడు ఒకాయన ఉండేవాడు. మేము నీరటి తాత అనేవాళ్ళం. భుజాన పార, చేతిలో కట్టె. ఆయనకు చెరువు కింద గుంటెడు భూమి లేదు, పైన గుంటెడు భూమి లేదు. పని మాత్రం చెరువు చుట్టూ తిరగడమే. నాకు పదకొండేళ్ళు. ఒక రోజు కట్ట మీద ఆడుకుంటుంటే, "దా బిడ్డా, అట్ల పోయొద్దాం" అని వెంట తీసుకుపోయాడు. కట్ట దిగి, తుమ్మచెట్ల పక్కనుంచి, మోకాలు లోతు బురదలో చాలాసేపు నడిచాం. ఒకచోట ఆగాడు. నీళ్ళ మీద వరి కొసలు మాత్రమే వేళ్ళలాగ తేలుతున్నాయి. చుట్టూ నురగ, కుళ్ళిన వాసన. అవతల గట్టు మీద మా చిన్నబాపు కొడుకు, నా ఈడువాడే, కూర్చొని నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నాడు. నీరటి తాత ఏమీ చెప్పలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. అక్కడినుంచి మత్తడి కనబడదు. తూము కనబడదు. మా పొలం అసలే కనబడదు. నీళ్ళే కనబడతాయి.

నేను ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. రెండు దెబ్బలు పడ్డాయి. కానీ రెండు మూడు రోజుల తర్వాత, పొద్దున్నే బాపు చెప్పులు చేత్తో పట్టుకొని కట్ట దిగి ఆ తుమ్మచెట్ల వైపు పోవడం చూశాను. ఎంతసేపు ఉన్నాడో తెలియదు. వచ్చినప్పుడు కాళ్ళకు మోకాలి దాకా బురద. అమ్మ నీళ్ళు తోడిచ్చింది. కాళ్ళు కడుక్కుంటూ ఒక్కటే మాట అన్నాడు: "ఆ చీటీ నాకొచ్చి ఉంటే నేను గూడ గుంజుదును."

తర్వాతి ఏడు మత్తడి మీద ఒక్క వరుస బస్తాలే పెట్టారు. అంతా బాగైపోయిందని చెప్పను. యాసంగిలో మా చివరి రెండు మళ్ళు ఎండాయి. చిన్నబాపుది ఒక మడి మునిగింది. బాపు ఎండిన మడి గట్టు మీద కూర్చొని బీడీ తాగుతూ ఉండటం చూశాను, ముఖంలో బాధ ఉంది. తిట్టడం మాత్రం వినలేదు.

ఆ దసరా నాడు చీకటి పడుతుండగా చిన్నబాపు వచ్చాడు. వెనకాల వాళ్ళ కొడుకు. గడప దగ్గర కాసేపు నిలబడ్డాడు. అమ్మ లోపలినుంచి "రా మరిదీ" అంది. చిన్నబాపు బాపు చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళకు మొక్కబోయాడు. బాపు వంగనివ్వలేదు, అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చొని చాలాసేపు చెరువులోకి ఆ ఏడు ఎన్ని నీళ్ళొచ్చాయో మాట్లాడుకున్నారు.